మాణిక్యమ్మగారి కారులో వణుకు

కొత్తపేట దాటాక కాలవ గట్టు మీద ఓ రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు. గుమ్మంలో పాత లారీ టైరు, దాని నడిమధ్య ఎవరూ నాటకుండానే మొలిచిన బంతిమొక్క. అది ఎలీషా షెడ్డు.

ఎలీషాకి చెవులు సరిగా వినపడవు. చాలా ఏళ్ళు కువైట్‌లో పెద్ద జనరేటర్ల పక్కన పనిచేసి, చెవులు అక్కడే మర్చిపోయి వచ్చేడని వాళ్ళావిడ ఝాన్సీ అంటుంది. ఆవిడే చెవికి మిషను కొనిచ్చింది. అది పెట్టుకుంటే షెడ్డులో కూతపెడుతోందని చొక్కా జేబులో వేసుకుని తిరుగుతాడు. ఎవరైనా బండి తెస్తే బోనెట్టు ఎత్తి, ఇంజిను మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ప్రార్థన చేస్తున్నాడనుకుని చెప్పులు విప్పిన సందర్భాలున్నాయి. కాసేపటికి కళ్ళు తెరిచి, "మూడో సిలిండరు సరిగా కాలట్లేదండి" అనో, "బేరింగు అరిగిందండి" అనో నెమ్మదిగా చెబుతాడు.

ఈ అలవాటు కువైట్‌లో వచ్చింది కాదు. ఎలీషా నాన్న ముక్తేశ్వరం రేవులో లాంచీ ఇంజిను నడిపేవాడు. బడి సెలవులిస్తే ఎలీషా ఆ లాంచీలోనే ఉండేవాడు. మధ్యాహ్నం పూట ఇంజిను పక్కన చెక్కల మీద పడుకుంటే, వీపుకి ఇంజిను వేడి తగిలేది, ఆ వేడికి అడుగున గోదారి చల్లదనం తగిలేది. నిద్రకీ మెలకువకీ నడుమ ఎక్కడో తేలుతూ, వెన్నులోంచి పాకే సన్నటి జలదరింపుని బట్టి లాంచీ నడి ఏట్లో ఉందో, ఒడ్డు దగ్గరకొచ్చిందో చెప్పగలిగేవాడు. నాన్న నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఒకటే మాట అనేవాడు. "ఇంజినూ, నీళ్ళల్లో పంకా ఒకే గీత మీద ఉండాల్రా అబ్బాయ్. గీత చెదిరితే పడవంతా వణుకుతాది."

ఆ మాట ఎలీషాకి బైబిలు వాక్యంలా గుర్తుండిపోయింది.

మాణిక్యమ్మ కారు ఆ షెడ్డుకి తాడు కట్టించుకుని వచ్చింది. ముందు ట్రాక్టరు, వెనక తెల్ల అంబాసిడరు, స్టీరింగు దగ్గర మాణిక్యమ్మ. అరవై దాటిన మనిషి. ముదురు రంగు నేత చీర, చేతికి వాచీ, పక్క సీట్లో మంచినీళ్ళ సీసా. భర్త టాక్సీ నడుపుతూ నడుం విరిగి మంచాన పడ్డప్పుడు, ఆ కారుని పెరట్లో ఊరికే ఉంచలేక తనే నేర్చుకుని నడపడం మొదలెట్టింది. భర్త పోయేడు, కారు మిగిలింది. ఇప్పుడు లంక ఊళ్ళ నుంచి కిడ్నీలు పాడైనవాళ్ళని అమలాపురం ఆస్పత్రికి రక్తం శుద్ధి చేయించడానికి తీసుకెళ్ళి, తీసుకొస్తోంది. ఆ ఆస్పత్రి వార్డులోనే ఝాన్సీ నర్సు. కాబట్టి మాణిక్యమ్మ ఆ ఇంటికి కొత్త మనిషి కాదు.

"ఇంజిను పట్టేసిందండి ఎలీషాగారూ," అంది మాణిక్యమ్మ, కారు దిగి. "నడి గట్టు మీద. లోపల ముగ్గురున్నారు. ఆటో ఎక్కించి పంపేను."

ఎలీషా బోనెట్టెత్తి చూసేడు. చెయ్యి ఆనించడానికి కూడా ఏం మిగల్లేదు. లోపల కడ్డీ విరిగి ఇంజిను పక్కగోడలోంచి బయటికొచ్చేసింది.

"అక్కగారూ, దీన్ని బాగుచెయ్యలేనండి. ఇంకో కారు చూసుకోకూడదా?"

మాణిక్యమ్మ వెనక తలుపు తీసి సీటు చూపించింది. "ఇది చూడండి. ఎంత పొడుగుందో. రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేటప్పుడు వాళ్ళకి ఒంట్లో సత్తువుండదు. ఇందులో ఒరిగి కాళ్ళు చాపుకోవచ్చు. కొత్త కార్లలో కూర్చోబెడతారండీ, ఒరగనివ్వరు."

ఎలీషా ఆ సీటు మీద చెయ్యి వేసి చూసేడు. ఎన్ని ఒళ్ళు ఒరిగేయో, అక్కడ బట్ట నున్నగా, పల్లంగా ఉంది.

"వేరే ఇంజిను పెడదామండి," అన్నాడు.

ఇంజిను మార్పుకి ఆర్టీవో ఆఫీసులో కావలసిన అనుమతి మాణిక్యమ్మ తిరిగి తిరిగి తెచ్చుకుంది. రాజమండ్రి తుక్కు దుకాణాల్లో ఎలీషాకి ఓ పాత వ్యాను ఇంజినూ, గేరుబాక్సూ దొరికేయి. మంచి ఇంజినే. కానీ ఒక బండి కోసం పుట్టింది ఇంకో బండిలో ఊరికే ఇమడదు. ముందుకి జరిపితే ఫ్యాను రేడియేటరుకి తగులుతుంది. వెనక్కి జరిపితే గేరుబాక్సు డ్రైవరు కాళ్ళ దగ్గరి రేకుని తన్నుతుంది. కిందకి దింపితే ఆయిలు తొట్టి, కారు ముందు చక్రాలని కలిపే అడ్డదూలం మీద కూర్చుంటుంది. పైకెత్తితే బోనెట్టు మూతపడదు.

ఆ రోజుల్లో వానలు. షెడ్డు దూలానికి గొలుసుతో కట్టిన ఇంజిను, కారు నోటి పైన గాల్లో వేలాడుతూ ఉండేది. రేకుల మీద వాన ఏకధారగా పడుతుంటే ఎలీషాకి ఆ చప్పుడు వినపడేది కాదు, గొలుసు పట్టుకున్న చేతికి మాత్రం తెలిసేది. గొలుసు వదిలి, ఓ వేలితో ఇంజినుని కాస్త తోసి, అది ఊగి ఊగి ఎక్కడ ఆగుతుందో చూస్తూ కూర్చునేవాడు. కాలవలో నీళ్ళు ఎర్రగా, నిండుగా కదిలిపోతుంటే, కాసేపు చూశాక నీళ్ళు ఆగిపోయి, షెడ్డే మెల్లగా ఎగువకి పోతున్నట్టు ఉండేది. అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన ఝాన్సీ గుమ్మంలో నిలబడి పిలిచి, పిలిచి, చివరికి వచ్చి భుజం తట్టేది.

"ఎక్కడున్నారు?"

"రేవులో," అనేవాడు.

చివరికి కుదిరింది. అడ్డదూలానికి తగలకుండా ఇంజినుని జానెడు వెనక్కి జరిపేడు. గేరుబాక్సు కోసం కాళ్ళ దగ్గరి రేకు కోసి, గుమ్మటంలా కొత్త రేకు అతికేడు. గేరుబాక్సు పొడుగెక్కువ కాబట్టి, అక్కణ్ణుంచి వెనక చక్రాల ఇరుసుకి తిరుగుడు మోసుకెళ్ళే పొడవాటి షాఫ్టుని పొట్టి చేయించేడు. కారుని నాలుగు స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు గాల్లో ఉండగా, గేరుబాక్సు తోక నుంచి వెనక ఇరుసు ముక్కు దాకా నూలుదారం లాగేడు. నాన్న మాట గుర్తుంది. గేరుబాక్సు తోకని కిందకి వంచి, సరిగ్గా ఆ దారం మీదకి తెచ్చి బిగించేడు. షాఫ్టు గేరుబాక్సులోంచి మొలిచినట్టు తిన్నగా వెళ్ళి ఇరుసుకి తగులుకుంది. దాన్ని చూసి, నాన్న ఉంటే బావుండేదని చాలాసేపు అక్కడే కింద పడుకున్నాడు.

ఊళ్ళో సందుల్లో తిప్పి చూసేడు. వెన్నలా నడిచింది. తాళాలు మాణిక్యమ్మ చేతిలో పెట్టేడు.

తర్వాతి వారం ఆవిడ షెడ్డుకొచ్చింది. బంతిమొక్క చూసింది, టైరు చూసింది, వాన గురించి మాట్లాడింది. ఎలీషా మిషను చెవిలో పెట్టుకుని విన్నాడు.

"బాగా నడుస్తోందా అండీ?"

"ఆయ్, నడుస్తోందండి. పికప్పు చాలా బావుంది." ఓ క్షణం ఆగింది. "రావులపాలెం రోడ్డెక్కి యాభై దాటితే కాస్త... ఏం లేదులెండి. పాతబండి కదా."

ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ ఆగిపోయిన మాట ఎలీషాకి అర్థం కాలేదు. సాయంత్రం ఝాన్సీ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుంది.

"ఇవాళ శ్రీరామచంద్రమూర్తిగారు దార్లో వాంతి చేసుకున్నారంట," అంది. మూర్తిగారు పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన, మాణిక్యమ్మ కారులో వచ్చే ముగ్గురిలో ఒకాయన. "మీ కారు వణుకుతోందంటండీ. ఆగకుండా. ఎముకల్లోకి దిగిపోతోందంట. మాణిక్యమ్మగారు మీకు చెప్పొద్దన్నారు. మీరు బాధపడతారని."

ఎలీషా కంచం ముందు కూర్చున్నాడు, తినలేదు. తన చెయ్యి పెట్టి చూసిన బండి, తను కళ్ళు మూసుకుని సరేనన్న బండి, ఓ ముసలాయన కడుపు తిప్పేసింది. తనకి మాత్రం తెలీలేదు. చెవులు పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు అతనికి.

మర్నాడు కారు తెప్పించి చక్రాలు సరిచూసేడు. షాఫ్టుని రాజమండ్రి పంపి, తిరిగేటప్పుడు ఓ పక్కకి బరువు లాగకుండా తూకం చేయించేడు. రెండు చివర్లా షాఫ్టు వంగి తిరగడానికి ఉండే క్రాసులు కొత్తవి వేసేడు. వణుకు పోలేదు.

అప్పుడు మాణిక్యమ్మని అడిగేడు, "ఓ రోజు మీతో వస్తానండి. వాళ్ళు కూర్చునే చోట కూర్చుంటాను."

పొద్దున్నే బయల్దేరేరు. గట్టు మీద మంచు ఇంకా విడలేదు. వెనక సీట్లో మూర్తిగారు ఓ పక్క, కొబ్బరి దింపు తీసే వీరబాబు ఓ పక్క, మధ్యలో ఎలీషా. వీరబాబుకి ముప్ఫై ఏళ్ళుంటాయి. చెట్టెక్కే మనిషి, కిడ్నీలు పోయాక నేల మీదే ఉంటున్నాడు. ముందు సీట్లో దుప్పటి కప్పుకుని అమ్మాజీ అనే ఆవిడ. ఎలీషా ముందుకి వంగి, సీటు కిందుగా కారు నడిమధ్య ఉబ్బెత్తుగా ఉండే నేల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

కొబ్బరి నీడలు రెప్పల మీంచి ఒకటి తర్వాత ఒకటి దాటిపోయేయి. వెలుగు, నీడ, వెలుగు. ముందు అంతా మెత్తగా ఉంది. రోడ్డెక్కి వేగం పెరిగేక అడుగు నుంచి వచ్చింది వణుకు. చక్రానిది కాదు, అంత నిదానంగా లేదు. ఇంజినుది కాదు, మాణిక్యమ్మ క్లచ్చు తొక్కి ఇంజినుని విడదీసినా పోలేదు. షాఫ్టుదే. ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు తడబడుతోంది. మూర్తిగారు పళ్ళు బిగపట్టి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన మోకాలు ఎలీషా మోకాలికి ఆని ఉంది. ఆ వణుకు ఆ మోకాల్లోంచి కూడా తెలుస్తోంది.

"క్షమించండి మూర్తిగారూ," అన్నాడు ఎలీషా.

"అయ్యో, మీరేం చేస్తారండీ," అన్నారాయన. "కారొచ్చింది, అదే చాలు. ఆటోలో అయితే చచ్చిపోయేవాణ్ణి."

ఆస్పత్రి దగ్గర ముగ్గుర్నీ దింపి, పెట్రోలు కోసం బంకు దాకా ఇద్దరే వెళ్ళేరు. ఎలీషా వెనకే కూర్చుని, చెయ్యి మళ్ళీ నేల మీద పెట్టేడు. వణుకు ఇందాకటి కంటే ఎక్కువగా ఉంది.

"అక్కగారూ, ఒక్కరే నడిపేటప్పుడు ఎలా ఉంటుందండీ?"

"ఒక్కదాన్నయితే ఇంకా దారుణమండి. వాళ్ళెక్కితేనే కాస్త నయం."

ఎలీషా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మనుషులెక్కితే కారు వెనక భాగం కుంగుతుంది. కుంగితే షాఫ్టు వాలు మారుతుంది. వాలు మారితే వణుకు మారుతోంది. తను దారం లాగినప్పుడు కారు స్టాండ్ల మీద ఉంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి, ఇరుసు వేలాడుతోంది. ఎవరూ అలా వేలాడుతూ ఆస్పత్రికి వెళ్ళరు.

అక్కడితో అయిపోలేదు. ఆస్పత్రి వరండాలో ఝాన్సీ పనయ్యేదాకా బల్ల మీద కూర్చుని, రెండు చేతుల్నీ ఎదురెదురుగా పెట్టి, వేళ్ళు వంచి, తిప్పి చూసుకుంటూనే ఉన్నాడు. వచ్చేపోయేవాళ్ళు చూసి పాపం అనుకున్నారు. లాంచీలో ఇంజినూ, పంకా ఒకే దుంగకి బిగించి ఉంటాయి, కదలవు, వాటికి ఒకటే గీత చాలు. కారులో ఇరుసు ప్రతి గతుక్కీ పైకీ కిందకీ ఆడుతుంది, గీత ఎప్పుడూ నిలవదు. అందుకే క్రాసులు పెట్టేరు. కానీ వంగి తిరిగే క్రాసు, చుట్టు చుట్టుకీ షాఫ్టుని కాస్త ఆపి కాస్త ఉరికిస్తుంది. ముందు క్రాసు చేసే తడబాటుని వెనక క్రాసు విరుగుడుగా సరిచెయ్యాలి. రెండూ ఒకే మోతాదులో వంగితేనే అది కుదురుతుంది. తను ముందు వంపుని పూర్తిగా తీసేసి, ఉన్నదంతా వెనక క్రాసు మీద పడేసేడు.

నాన్న చెప్పింది నిజమే. పడవ విషయంలో.

తిరుగు దారిలో మాణిక్యమ్మ అడిగింది, దొరికిందా అని. పొలాలకి నీళ్ళు పారే బోదె పక్కగా పోతున్నారు. పొలంలోకి వెళ్ళడానికి ఎవరో బోదె మీద తాటిపట్టె వేసేరు, కాస్త ఏటవాలుగా.

"ఆ పట్టె చూడండి," అన్నాడు ఎలీషా. "ఈ గట్టుతో ఎంత ఏటవాలుగా ఉందో, ఆ గట్టుతోనూ అంతే. గట్లు రెండూ ఒకదానికొకటి సమంగా పోతున్నాయి కాబట్టి. గేరుబాక్సు ఈ గట్టు, ఇరుసు ఆ గట్టు, షాఫ్టు ఆ పట్టె. పట్టె ఏటవాలుగా ఉంటే తప్పులేదండి. నేనేం చేసేనంటే, ఈ గట్టుని తిప్పేసి పట్టెకి తిన్నగా పెట్టేను."

మాణిక్యమ్మ అద్దంలోంచి అతన్ని చూసింది. "అయితే గట్టుని మళ్ళీ తిప్పాలి."

"ఆయ్. తిప్పాలండి."

ఆదివారం చర్చి అయ్యాక పని పెట్టుకున్నారు. ఈసారి కారు నాలుగు చక్రాల మీదే నేల మీద నిలబడింది. కింద మనిషి దూరడానికి ఎలీషా ముందుగానే గొయ్యి తవ్వించేడు. మనుషుల బరువు కావాలి, కానీ జబ్బు మనుషుల్ని అంతసేపు కూర్చోబెట్టలేడు. వీరబాబు ఓ మాట చెప్పి కొబ్బరికాయల బస్తాలు పంపించేడు. వెనక సీట్లో రెండు బస్తాలు, ముందు సీట్లో ఒకటి. స్టీరింగు దగ్గర మాణిక్యమ్మ తనే కూర్చుంది, తన బరువు తనదే ఉండాలని. ఝాన్సీ ఫోనులో వాలు చూపించే మట్టం ఉంది. గొయ్యి అంచున గొంతుక్కూర్చుని, ఆ ఫోను అందిస్తూ, ఎలీషా చెప్పిన అంకెలు తిరిగి అతనికి గట్టిగా చెబుతూ ఉంది.

గేరుబాక్సు తోక కింద ఓ పలక పెట్టి ఎత్తేడు. కొలిచేడు. ఇంకో పలక పెట్టేడు. ఎత్తింది ఎక్కువైతే ముందు ఆయిలు తొట్టి అడ్డదూలానికి తగులుతోంది, ఓ పలక తీసేడు. మిగిలిన కాస్త వాలుని వెనక నుంచి తెచ్చేడు. కారు వెనక బరువు మోసే కమాను పట్టీలకీ ఇరుసుకీ మధ్య, ఓ వైపు మందంగా ఓ వైపు పల్చగా అరగదీసిన ఇనప బిళ్ళలు దూర్చి, ఇరుసు ముక్కుని వెంట్రుకవాసి తిప్పేడు. మళ్ళీ కొలిచేడు. గేరుబాక్సు తోక ఎంత వాలిందో, ఇరుసు ముక్కు అంతే పైకి లేచింది. వాటి మధ్య షాఫ్టు ఏటవాలుగా దిగుతోంది. కంటికి వంకరగానే ఉంది. కింద నుంచి దాన్ని చూస్తూ ఎలీషా కాస్త ఇబ్బందిపడ్డాడు. ఇన్నాళ్ళూ తను తప్పనుకున్నది ఇలాంటి వంకరనే మరి.

"అయ్యిందా?" అంది ఝాన్సీ.

"చెయ్యి పెట్టి చూడాలి."

బస్తాలతోనే రోడ్డెక్కేరు. మాణిక్యమ్మ నడుపుతోంది, ఎలీషా బస్తాల మధ్య ఇరుక్కుని, నేల మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. నలభై. యాభై. అరవై. కొబ్బరికాయలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చిన్నగా కదులుతున్నాయి. చేతికి రోడ్డు తెలుస్తోంది, గులకరాళ్ళు తెలుస్తున్నాయి, వంతెన అతుకు తెలిసింది. వాటి అడుగున వెతికేడు. ఏమీ లేదు. ఏట్లో చెయ్యి ముంచినట్టు, కదలిక మాత్రం ఉంది. అతని రెప్పలు బరువెక్కేయి. ఎప్పటిదో చెక్కల వాసన, నూనె గుడ్డ వాసన వచ్చినట్టయింది. మాణిక్యమ్మ ఏదో అడుగుతోంది. వినపడలేదు. తలూపేడు. ఆవిడకి అదే చాలినట్టుంది, వేగం తగ్గించకుండా పోనిచ్చింది.

ఆ వారం ఆస్పత్రి గేటు దగ్గర కారు ఆగితే, మూర్తిగారు దిగలేదు. ఝాన్సీ పరిగెత్తుకొచ్చింది. తలుపు తీసి చెయ్యి పట్టుకుని నాడి చూస్తే, ఆయన కళ్ళు తెరిచి, "ఇంకో నాలుగు మైళ్ళు ఉంటే బావుండేదమ్మా," అన్నారు.

షాఫ్టుకి దూరప్రయాణం కూడా చూడాలని ఎలీషా పట్టుబట్టేడు. క్రాసులు వేడెక్కుతున్నాయేమో తెలియాలి. అందుకని ఓ సెలవు రోజు మాణిక్యమ్మ, ఎలీషా, ఝాన్సీ అంతర్వేది వెళ్ళేరు, గోదారి సముద్రంలో కలిసే చోటికి. ఇసక దగ్గర కారాపి, ఎలీషా కిందకి దూరి క్రాసుల మీద చెయ్యి వేసి చూసేడు. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. బయటికొచ్చి ఇసక దులుపుకున్నాడు. ఝాన్సీ పులిహోర విప్పింది. ఏటి నీళ్ళు బంకమట్టి రంగులో వచ్చి, సముద్రం నీళ్ళని తోసి, కాసేపటికి ఏది ఏదో తెలీకుండా పోతున్నాయి. మాణిక్యమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళల్లోకి మోకాళ్ళ దాకా వెళ్ళి చాలాసేపు నిలబడింది.

తిరిగి బయల్దేరేటప్పుడు ఎలీషా చెయ్యి చాపేడు. "తాళాలివ్వండి అక్కగారూ. స్టీరింగు దగ్గర ఎలా ఉందో నేనూ చూడాలి. మీరు వెనక కూర్చోండి."

ఆవిడ తాళాలిచ్చి, వెనక తలుపు తీసి, ఒక్క క్షణం సీటు వైపు చూసి నిలబడింది. భర్త ఉన్నప్పుడు పక్క సీట్లో కూర్చునేది. తర్వాత స్టీరింగు దగ్గర. అన్నేళ్ళలో ఆ వెనక సీట్లో ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు. మెల్లగా ఎక్కి, కాళ్ళు చాపి, కిటికీ దింపింది.

మలికిపురం దాటేరు. ఎండ వాలి, కాలవ మీద కొబ్బరి నీడలు పొడుగ్గా పడుతున్నాయి. ఆవిడ చెయ్యి బయట పెట్టి గాలిని పట్టుకుంటోంది.

"మన ఊళ్ళు ఇలా ఉంటాయని తెలీదండి," అంది మాణిక్యమ్మ, వెనక నుంచి. "నేనెప్పుడూ రోడ్డే చూసేను."

ఝాన్సీ ఆ మాట ఎలీషా చెవి దగ్గర మళ్ళీ చెప్పింది. అతను వేగం తగ్గించి, కాలవ పక్కనుంచి పోయే చుట్టుదారిలోకి కారు తిప్పేడు.